అంబాసిడర్ ముసుగు

సిరిసిల్ల
20-11-1991, బుధవారం

భివండిలో ఉన్న మీకు మీ రత్నమాల నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను, అత్తమ్మ, కారు ముగ్గురమూ క్షేమం. మీరు అక్కడ మరమగ్గాల సాంచాల మీద రెండు పాళీలు పని చేసినా వేళకు తింటున్నారని తలుస్తున్నాము.

పోయిన ఉత్తరంలో మీరు రెండు సంగతులు అడిగారు. మీరు ఇంటికి రావచ్చని పోలీసు ఠాణా నుంచి మాట వచ్చిందా అని ఒకటి. కారు ఎట్లా ఉంది అని ఒకటి.

మొదటిదానికి జవాబు, ఇంకా రాలేదు. ఫిబ్రవరిలో మీరు కోరుట్ల పెళ్లికి కిరాయి పోయి వస్తుంటే కోనరావుపేట దగ్గర తుపాకులతో అన్నలు కారు ఆపి ఎక్కారు. తెల్లారి ఠాణాకు పిలిచారని మీరు భయపడి భివండి పోయారు. అప్పుడు ఎస్సై గారు అత్తమ్మతో చెప్పింది ఒకటే మాట. విచారణ అయ్యేదాకా కారు కదలొద్దు, కదలకుంటే కేసులోంచి మీ పేరు తీసేస్తాము అని. తొమ్మిది నెలలైంది. కారు ఒక్క గజం కూడా కదలలేదు. కాబట్టి మీరు తొందరపడి బయలుదేరవద్దని అత్తమ్మ రాయమంటున్నది.

ఇక కారు సంగతి. ఇన్నాళ్లు కోపం వస్తుందని దాచాను, ఇప్పుడు రాస్తున్నాను. బానెట్ మీద అరచెయ్యంత రంగు పోయింది. తప్పు నాదే.

పోతూ పోతూ మీరు ఎండకు రంగు పోకుండా ఏదైనా కప్పమన్నారు. మన వాడలో బట్టకు కరువు లేదు. సాంచ మీద నుంచి దించిన తెల్లబట్ట తెచ్చి, కారు చుట్టూ చేతులతో కొలిచి నేనే కుట్టాను. గంజి మీద ఉన్న బట్ట గట్టిగా నిలుస్తుంది కదా అని ఉతకకుండానే కప్పాను. అత్తమ్మ చూసి, “కోడలు కొడుక్కు కోటు కుడుతదేమో అనుకున్న, కారుకు లంగ కుట్టింది” అని వాడంతా చెప్పి నవ్వించింది.

ఎండాకాలం బాగానే ఉంది. జూన్‌లో మొదటి వాన పడగానే బట్టలోని గంజి నాని జావ అయింది. తెల్లారి ఎండకు ఆ జావ ఎండి, బట్ట కారుకు అతుక్కుపోయింది. పక్కింటి ముత్తవ్వ మేకలు గంజి వాసనకు వచ్చి డిక్కీ మీది బట్టను నాకుతుంటే అత్తమ్మ కర్ర పట్టుకొని, “ఇది మా పొలగాని కారే, మీ కుడితి కుండ కాదు!” అని వాటి వెంట పడింది. నేను తొందరలో బట్టను ఒక్కసారి గుంజాను. బానెట్ మీద రంగు దాంతోనే వచ్చింది. ఆ రోజు నేను అన్నం తినలేదు.

ఆషాఢంలో అమ్మగారింటికి కోరుట్ల పోయినప్పుడు ఆ బట్టను మూట కట్టి వెంట తీసుకుపోయాను. అక్కడ బస్టాండు దగ్గర గులాం నబీ గారని ముసలాయన లారీలకు కప్పే తాటిపత్రులు, జీపులకు టాపులు కుడతాడు. అమ్మను ముందు నిలబెట్టి నేను వెనక నిలబడ్డాను. ఆయన బట్టను వేళ్లతో నలిపి చూసి, “అరె బేటీ, మీరు సాలోళ్లు, బట్ట నేసేటోళ్లు. పుట్టుకతోనే గంజి తెలిసినోళ్లు. నీకే గిట్ల అయితే నా అసుంటోని గతి ఏంది?” అన్నాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

అయినా ఆయన ఓపికతో అన్నీ చెప్పాడు. గంజి పోయేదాకా వేడినీళ్లలో ఉతకాలట. ప్లాస్టిక్ కాగితం కప్పితే నీళ్లు లోపలికి రావు గానీ లోపల చెమట పట్టి ఇనుము తుప్పు పడుతుందట. అందుకని గాలి ఆడే మందపు బట్ట పైన, పాత మెత్తటి నూలు బట్ట లోపల, రెండు పొరలు విడివిడిగా కుట్టాలి. నా రెండు పాత చీరలు లోపలి పొరకు పోయాయి. అంతకంటే పెద్ద మాట ఒకటి చెప్పాడు. “బండిని ఖరాబు జేసేది వాన కాదు, దుమ్ము. బట్ట కింద దుమ్ముంటే, గాలికి బట్ట ఊగినప్పుడల్ల బండిని గీకుతది. కడిగి, ఆరబెట్టి, అప్పుడు కప్పు. కప్పినంక కడుపు కిందికెల్లి పట్టీలు గట్టిగ కట్టు” అన్నాడు.

అట్లాగే చేస్తున్నాను. బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టాము. చక్రాలు నేలకు ఆనకుండా కింద ఇటుకలు పేర్చాము. వాన పడితే, బట్ట పైన ఆరిందా అని కాదు, లోపల చెయ్యి పెట్టి చూస్తాను. తడి తగిలితే తీసి రెండు పొరలూ వేరువేరుగా ఆరేస్తాను.

ఠాణా నుంచి సాంబయ్య అనే జవాను ప్రతి సోమవారం వచ్చి, కారు కదిలిందేమోనని మీటరు చూసి రాసుకుంటాడు. మొదట్లో, “ముసుగేసిండ్రు, కారుకు పెండ్లి చేస్తున్నరా?” అని నవ్వుతూ బట్టను గుంజి మట్టిలో పడేసి పోయేవాడు. మట్టి అంటిన బట్టను మళ్లీ కప్పితే కారును గీకుతుంది. నాలుగు వారాలు తలుపు చాటునే ఉండి చూశాను. ఐదో వారం బయటకు వచ్చి, “అన్నా, రెండు దిక్కులకెల్లి నడుమకు మడవాలె, దుమ్ము మీదనే ఉంటది” అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. ఆయనకు వినపడింది. అప్పటి నుంచి అట్లాగే మడుస్తున్నాడు.

అత్తమ్మ మోకాళ్ల నొప్పి కొంచెం తగ్గింది. బీడీలు చుట్టడం మానమంటే వినదు. మీరు చలికి దుప్పటి కొనుక్కోండి.

మీ జవాబుకు ఎదురుచూస్తూ,
రత్నమాల

తా.క. పైన రాసిందంతా అత్తమ్మకు చదివి వినిపించాను. ఇది ఆమె నీళ్లకు పోయినప్పుడు రాస్తున్నాను.

సాంబయ్య మూడు సోమవారాలుగా రావడం లేదు. అక్టోబరు 28న, అత్తమ్మ బీడీలు అప్పజెప్పడానికి పోయినప్పుడు వచ్చాడు. కారు దగ్గరికి కూడా పోలేదు. “చెల్లె, ఇగ నేను రాను. పెద్దసారు సంతకం పెట్టిండు, మీ ఆయన పేరు తీసేసిండ్రు. రమ్మని రాయి. బండి గూడ నడుపుకోవచ్చు” అన్నాడు.

ఆ మాట మీకు రాయలేదు, అత్తమ్మకు చెప్పలేదు. సాంబయ్య వచ్చిపోయిండా అని ఆమె అడిగిన ప్రతి సోమవారం వచ్చిపోయిండని చెప్పాను. మీరు వస్తే మర్నాడే ముసుగు తీసి, జగిత్యాల కిరాయి అనో, కోరుట్ల కిరాయి అనో పోతారు. ఏదో మలుపులో మళ్లీ ఎవరో చెయ్యి ఎత్తుతారు. ఆపితే ఒకరితో భయం, ఆపకుంటే ఇంకొకరితో. భివండిలో ఉంటే మీరు ఎక్కడ ఉన్నారో నాకు తెలుసు అనుకున్నాను. అట్లా ఇరవై మూడు రోజులు గడిచాయి. దీపావళి కూడా పోయింది.

రేపు ఠాణాకు పోయి ఎస్సై కాళ్లు పట్టుకుంటానని అత్తమ్మ పొద్దున అన్నది. నేను చేసిన పనికి ఆమె ఎవరి కాళ్లూ పట్టుకోకూడదు. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వచ్చి ఆమెకు చెబుతాను. తిడుతుంది. మీరూ తిట్టండి. కానీ వచ్చి తిట్టండి.

తాళాలు నా దగ్గరే ఉన్నాయి, అడిగితే ఇస్తాను. అడగకముందే నా మాట రాస్తున్నాను. కారు అమ్మేద్దాము. ఇంట్లోనే రెండు సాంచాలు పెట్టుకుందాము. మీరు వచ్చాక ఏం చేద్దామని ఎదురుగా అడిగితే, మీ ఇష్టం అంటాను. ఆ మాట నమ్మకండి. దీన్ని నమ్మండి.