హయాత్ తెచ్చిన కొత్త చక్రం

కనిగిరి,
16-11-1963

తమ్ముడు హయాత్‌కు అక్క దువా చేసి వ్రాయునది.

నువ్వు చీరాల ఆసుపత్రి నుంచి ఇల్లు చేరావని తెలిసింది. పత్తి జిన్నింగు మిల్లులో కుడి చేతి వేళ్లు పోయాక ఇక మెకానిక్ పని మాటే ఎత్తవద్దంటున్నావట. అందుకే ఈ ఉత్తరం.

మా బావి దగ్గర ఇంజను తిరుగుతున్నా పంపులోంచి నీళ్లు రావడం మానేశాయి. మిరప పూత మీదుంది. మీ బావ ఊళ్లో లేరు. పంపులో నువ్వు బిగిస్తానని తెచ్చిపెట్టిన కొత్త చక్రం అటక మీదుంది. నిన్న పొద్దున నేనే పంపు విప్పాను. లోపలి చక్రం రెక్కలు ఇసుకకి అరిగి కాగితంలా అయ్యాయి. దాని నట్టు మాత్రం ఎంతకీ ఊడలేదు. పానా పట్టుకుని ఏడ్చాను. అప్పుడు, "ఇది మామూలు నట్టు కాదక్కా, కుడివైపు తిప్పితేనే ఊడుద్ది" అని పోయినేడు నువ్వన్నది గుర్తొచ్చింది. తిప్పాను, ఊడింది. కొత్తది బిగించి, పంపు నిండా నీళ్లు పోసి ఇంజను వేస్తే కాలవలోకి ధార పడింది.

పక్క చేను గురునాథం గారు వచ్చి చూసి, "మా పంపు కూడా చూస్తావా అమ్మాయ్?" అన్నారు.

"మా తమ్ముణ్ణి రానీయండి, ఇద్దరం చూస్తాం" అన్నాను.

పని నీకు తెలుసు, చేతులు నాకున్నాయి. నువ్వు గట్టు మీద కూర్చుని చెప్పు, నేను తిప్పుతాను. ఎడమ చేత్తో జవాబు రాయలేనని బెంగపడకు. నువ్వే బస్సెక్కి రా.

నీ అక్క