బాణం గుర్తు ఆగిన చోట

అబూ హలీఫా,
కువైట్, మార్చి 2006

ప్రియమైన చిట్టితల్లి జాయ్సీకి,
ప్రభువు నామంలో వందనాలు. ఇంటర్నెట్లో మన ఆడాళ్ళకూ మగాళ్ళకూ తలా ఒక పేజీ పెట్టి, ప్రతి పేజీ పైనా బాణం గుర్తు వేశావు కదా. ఇక్కడ నా యజమానురాలు మామా కూతురి కంప్యూటర్లో నా బాణం నొక్కితే డ్రైవర్ బుల్లిరాజు, అతని బాణం నొక్కితే కబ్ద్ ఎడారి తోటలో పనిచేసే రజియా బీ, అలా ఒకరి తర్వాత ఒకరు, చివరికి మళ్ళీ నేనే! మొదటిసారి ఒళ్ళు ఝల్లుమంది. ఎడారిలో ఉన్న మనిషి నా వేలికొసకు వచ్చేసింది.

నిన్న బుల్లిరాజు దగ్గరే ఆగిపోయింది. పేజీ లేదట. రజియాకు ఫోను లేదు. ప్రతి శుక్రవారం ఆమె నెట్ సెంటర్కు వెళ్ళి పెట్టే కొత్త ఫోటో చూస్తేనే నాకు ముద్ద దిగేది. పనిలో పెట్టుకున్న కఫీల్ ఏమైనా చేశాడా? జ్వరమా? చెడ్డ కబురైతే మెల్లగా చెప్పమ్మా.
బెంగతో,
సారమ్మ పిన్ని

అహ్మది

ప్రియమైన పిన్నీ,
కంగారు పడకు. బుల్లిరాజు ఉద్యోగం ఖలాస్. పేజీ తీసేసి ఊరెళ్ళిపోయాడు. రజియా పేజీ తలుపు తెరిచే ఉంది, దారే తెగింది. చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడ్డాం, ఒకరు వదిలేశారు, అంతే.

అందరి పేర్లూ ఒకే పేజీలో పెడదామనుకున్నాను. కానీ అది పోతే అందరం పోతాం. అందుకని ఎవరి పేజీలో వాళ్ళకు కావలసినవాళ్ళ పేర్లు పెడుతున్నాను. పేరు నొక్కితే నేరుగా వాళ్ళ దగ్గరికే. నీ పేజీ అడుగున రజియా పేరు పెట్టాను, కిందికి జరిపి చూడు. ఇంకా ఎవరు కావాలి?
నీ జాయ్సీ

అబూ హలీఫా

నా బంగారు జాయ్సీకి,
నా పేజీకి అడుగుందనే నాకు తెలియదే! పైన బాణం నొక్కి వెళ్ళిపోవడమేగా నాకు తెలిసింది. కిందికి జరిపితే, అమ్మా, ఎవరెవరివో మాటలు! "సారమ్మక్కా, రజియా కులాసా." "అన్నం తినమ్మా." "ఫోటోలో లావైంది కూడా!" ఒక్కరూ నేనెరిగినవాళ్ళు కారు.

రజియా పేరు నొక్కాను. గొర్రెపిల్లను ఎత్తుకుని నవ్వుతోంది. కింద రాసి ఉంది: "నా ఫోటో కనపడకపోతే మా సారమ్మక్క అన్నం మానేస్తాది. నేను బాగుండానని నేనే రాస్తే నమ్మదు, ఎవురో బెదిరించి రాయించినారంటాది. చూసినోళ్ళు ఆయమ్మ పేజీలో ఒక మాట రాయండప్పా."

నిజమే, నమ్మేదాన్ని కాను.

మొహమెరగని మనుషులు, ఏ దేశాల్లో కూర్చున్నారో, నా ముద్ద కోసం ఆగారు తల్లీ. అక్కడే మోకాళ్ళూనాను. మామా కూతురు బెదిరిపోయి నీళ్ళు తెచ్చింది.

ఎవరు కావాలన్నావు కదా. నా పేజీలో మాట రాసినవాళ్ళందరినీ పెట్టు.
కడుపునిండా తిన్న
నీ సారమ్మ పిన్ని