ఒక ఇంట్ల రెండు తీర్ల సూదులు

డాక్టర్ సాబ్‌కు తాండూరు నుంచి పెద్దకోడలు నమస్కారం పెట్టి రాసేది.

కొత్త ఇన్సులిన్ ఎట్ల పనిచేస్తదో చూస్తమని నా యారాలు, చిన్నకోడలు పద్మారాణికి వారానికొక్క సూది ఇచ్చిండ్రు. నాకు దినాం ఏసుకునే పాతదే ఇచ్చిండ్రు. ఇద్దరి షుగర్ ఒక్కతీరుగనే ఉన్నదని, కొత్త మందుల దమ్ము లేదని మీరు వికారాబాద్ దవాఖానల రిపోర్టు రాస్తున్నరట. మందును అనకుండ్రి. మా ఇంట్ల ఒక కోడలికి చీర తెచ్చి ఇంకో కోడలికి తేకుంటే ఆ దినం పొయ్యి వెలగదు. అందుకే అత్తమ్మ తీర్పు చెప్పింది, మేము వారం వారం సూదులు మార్చుకుంటున్నం.

ఇప్పుడు ఫికరంత అత్తమ్మదే. ఆమెకు షుగర్ లేదు. కోడండ్లకిచ్చి తనను మరిచిండ్రని అలిగి అన్నం ముడుతలేదు. జర ఆమెకు గూడ షుగర్ ఉన్నదని రాసియ్యుండ్రి.