దండ వెనుక జాలీ లేదు

కర్మాగారాల తనిఖీ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: ఆయుధపూజ నాడు తాము హారతి కళ్ళకద్దుకున్న మూడో నంబరు కటింగ్ మిషన్‌ను, పూలదండ తీయించి, మరల తనిఖీ చేయవలెనని కోరుట గురించి.

మా అమ్మ అట్టపెట్టెల కర్మాగారంలో పదకొండేళ్ళుగా ఆ మిషన్ మీదనే పనిచేయుచున్నది. ఆమె తరఫున విన్నవించుకొనునది ఏమనగా:

1. చెయ్యి బ్లేడు కిందికి పోకుండా అడ్డుండవలసిన ఇనుప జాలీ ఎండాకాలంలోనే విరిగిపోయినది. బిగించమని అమ్మ మూడుసార్లు అడిగినది. "పండక్కి ఎలాగూ అన్నీ విప్పి కడుగుతాం కదమ్మా, అప్పుడు చూద్దాంలే" అన్నారు సూపర్‌వైజరు గారు. పండుగ ఇంకా ఇరవై రోజులుందనగా అమ్మ కుడిచేతి వేళ్ళు రెండు తెగిపోయినవి.

2. ప్రమాదాల రిజిస్టరులో కారణం అన్నచోట "అజాగ్రత్త" అని రాసినారు. ఎవరిదో రాయలేదు. ఒక్క మాట వెనుక ఇంతమంది దాక్కోవచ్చని నాకు ఇంతవరకు తెలియదు.

3. పండుగ నాడు మిషన్‌ను కడిగి, బొట్లు పెట్టి, సరిగ్గా జాలీ ఉండవలసిన చోట బంతిపూల దండ వేలాడదీసినారు. దండ గుచ్చేవారికి అమ్మ ఎడమచేత్తో పూలందించినది. ముఖ్య అతిథిగా విచ్చేసిన తాము గుమ్మడికాయ కొట్టి, "యంత్రం మనకు అన్నం పెట్టే తల్లి" అని సెలవిచ్చినారు. వెళ్ళేముందు తాము సంతకం చేసిన తనిఖీ పత్రం నోటీసు బోర్డు మీద ఉన్నది. అందులో "అన్నియు సవ్యముగా ఉన్నవి" అని ఉన్నది.

4. ఇది అర్జీలో రాయదగినదో కాదో తెలియదు. మా తాతయ్య వడ్రంగి. పూజకు ముందురోజు ఉలికి పదును పెట్టి, రంపానికి నూనె రాసి, వదులైన పిడులన్నీ బిగించేవాడు. బొట్టు ఆ తర్వాతే. "పిడి ఊగే సుత్తికి బొట్టు పెడితే అది పూజ కాదమ్మాయ్, బుకాయింపు" అనేవాడు. పనిముట్టుకు ఆ రోజు సెలవిచ్చేది దాని బాగోగులు చూడడానికేనని ఆయన మాట. నాకు తెలిసిన పండుగ అర్థం ఇంతే. కర్మాగారంలో బొట్టు మాత్రమే జరిగినది.

5. "పూజ చేయించాం, దోషం పోయింది. సోమవారం నుంచి వచ్చి అదే సీట్లో కూర్చో. నీకు భయమైతే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటాం" అని అమ్మకు కబురు చేసినారు. వద్దంటే, "నేను మానేస్తే ఇల్లెవరు నడుపుతారే, నువ్వా?" అని అమ్మ నా నోరు మూయించినది.

కావున తాము చెప్పకుండా రావలెను. తమ చెయ్యి పెట్టి చూడమని అడుగుట లేదు. కొలబద్ద పెట్టి చూసినా చాలును.

షిఫ్టు సోమవారం ఎనిమిది గంటలకు. అంతకు ముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో నంబరు మిషన్ కార్మికురాలి కూతురు,
డిగ్రీ మొదటి సంవత్సరం.

తా.క.: అమ్మ ఇప్పుడు పీట మీద నా నోటుపుస్తకాలు పెట్టి, ఎడమచేత్తో ముందుకు తోయడం నేర్చుకుంటోంది. బ్లేడు పడేచోట నేను సుద్దముక్కతో గీత గీశాను. ఇరవైసార్లు తోస్తే మూడుసార్లు చెయ్యి గీత దాటింది. రండి సార్.