ఏసోబు పేరున్న సైకిల్

మంగళవారం

కొత్త సైకిల్ పెడల్ ఈరోజు మళ్ళీ ఊడింది. కొని మూడు నెలలు కాలేదు. అంగన్‌వాడీ నుంచి నందిగామ దాకా తోసుకుంటూ వచ్చా.

ఇది పంక్చర్లేసే వెంకటేశు మాట విని కొన్నది. "మీ నాన్నగారి సైకిల్ పని అయిపోయిందక్కా, తొక్కితే పడిపోతారు. దాన్ని పాత ఇనుము కింద నాకిచ్చేయండి, కొత్తది నేనే ఇప్పిస్తా" అన్నాడు. నాన్న ఉన్నన్నాళ్ళూ ఆ సైకిల్ బాగుచేసింది వాడే కదా అని నమ్మా.

వాడి షాపు దగ్గరికొచ్చేసరికి వెనక బెల్లు మోగింది. తిరిగి చూడకుండానే గుర్తుపట్టా, అది నాన్న బెల్లు. వెంకటేశు దర్జాగా దిగాడు. చైన్ కవరు మీద నాన్న తెల్ల పెయింటుతో రాయించుకున్న పేరు, జి. ఏసోబు, అలాగే ఉంది.

"ఇనుము కొట్లో వేసేశానన్నావుగా?"

"ఇంత గట్టి బండిని ఎవరన్నా ఇనుముకి వేస్తారా అక్కా? నాన్నగారి మీద గౌరవంతో పేరు కూడా చెరపలేదు."

చెరిపేసినా బాగుండేది, కనీసం భయపడ్డాడనుకునేదాన్ని. చేతిలో ఉన్న పెడల్ వాడికిచ్చా. బిగించాడు. రేపు ఊడినా వాడి దగ్గరికే పోవాలి. నా దారిలో ఇంకో షాపు లేదు.