ఒక్సానా ఇచ్చిన కొలాచ్

మంగళవారం, వెల్లింగ్టన్

ఆఫీసులో నా పక్క సీటు ఒక్సానా నిన్న జడలా అల్లిన గుండ్రటి రొట్టె ఇచ్చింది. వాళ్ళ ఉక్రెయిన్‌లో దాన్ని కొలాచ్ అంటారట. వాళ్ళమ్మ పోయి ఏడాదైందనీ, ఆవిడ పేరున చేశాననీ చెప్పింది. కాదనలేక తీసుకున్నాను. పరాయివాళ్ళ తద్దినం తిండి ముట్టకూడదని చిన్నప్పటి నుంచీ విన్నదాన్ని. సాయంత్రం ఇంటి ముందు కారు దిగుతూ మా ఆయన "బ్రెడ్డే కదా, తింటే ఏమవుతుందే?" అంటూనే ఉన్నారు. నేను గుమ్మం దాటనివ్వకుండా బయట బిన్‌లో వేసేశాను.

ఇవాళ ఆఫీసుకి రాగానే ఒక్సానా "ఎలా ఉంది?" అని అడిగింది.

"చాలా బాగుంది. మా ఆయన రెండు ముక్కలు తిన్నారు" అన్నాను. ఆ రెండు ముక్కలు ఎందుకు కల్పించానో!

ఆమె మొహం వెలిగిపోయింది. వాళ్ళ భాషలో కొలో అంటే చక్రమట, కొలాచ్ అందులోంచే వచ్చిందట. అదే పేరుతో చెక్ దేశంవాళ్ళు తీపి బన్ను చేసుకుంటారట, సెర్బియావాళ్ళు ఇంటి పండగకి రొట్టె చేస్తారట.

"మా ఊళ్ళో పెళ్ళికీ ఇదే, పోయినవాళ్ళకీ ఇదే. తిన్నవాళ్ళంతా వాళ్ళని తలుచుకున్నట్టే. ఈ దేశంలో మా అమ్మని తలుచుకునేది నేనొక్కదాన్నే అనుకున్నా. మీ ఇద్దరితో ముగ్గురమయ్యాం" అంది.

నేను తల ఊపాను. నిజంగా ఊపాను.

వాళ్ళమ్మ పేరేమిటో కూడా అడగలేదు. రొట్టె ఇంకా ఆ బిన్‌లోనే ఉంది. చెత్త బండి రేపు పొద్దున వస్తుంది.