ముల్లంగికి జుట్టు

ఏమండీ,

మీరు పోయాక మనవరాలు రింకు తెలుగు పుస్తకం ముట్టలేదు. బెంగాలీల మధ్య ఈ భవానీపూర్ ఇంట్లో మన తెలుగు చదువు నాతోనే ఆగిపోతుందని బెంగపడ్డాను.

మీ సంవత్సరీకం వెళ్లిన మర్నాడు దానికి సైన్సు పాఠం చెప్పాను. "మూలకేశాలంటే వేరు మీది నూగు. ఒక్కో వెంట్రుక ఒక్కో కణం. మట్టిలో నీటిని పీల్చడమే దాని పని."

"మూలోకి కేశాలేటి, నాన్నమ్మా?" అని పకపకా నవ్వింది. బెంగాలీలో మూలో అంటే ముల్లంగి కదా.

నేను నవ్వలేదు. తడిగుడ్డలో ముల్లంగి గింజలే మొలకెత్తించి చూపించాను. వేరు నిండా తెల్లటి జుట్టు.

"మన పేగుల్లోనూ ఇలా పీల్చేవి ఉంటాయా? వాటినేటంటారు?" అని అడిగింది రింకు.

జవాబు చెప్పకుండా, మీరు బడిలో చెప్పిన తెలుగు జీవశాస్త్రం పుస్తకం చేతికిచ్చాను. ఇప్పుడు వరండాలో కూర్చుని "పేగుల్లో చూ... ష... కా... లు" అని కూడబలుక్కుంటోంది. ఒక్క అక్షరం కూడా నేను అందించడం లేదు.